పండుగ నాటి పళ్లెము
(స్త్రీల సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్లు నిండిన మన అధ్యక్ష మండలము చరిత్ర చెప్పుటకు గురువులున్నారు, సంఘ పెద్దలున్నారు. నాకిచ్చిన అంశము ఇంటి పండుగ. కనుక వంటింటి నుండే మొదలుపెడతాను.

మా అమ్మ తరములో క్రిస్మస్ పది రోజుల ముందే ఇంటికి వచ్చేది. గోడలకు సున్నము, వాకిట ముగ్గు, ఆ తరువాత అరిసెలు. బియ్యము నానబోసి, తడి పిండి దంచి, బెల్లము పాకము పట్టేవారు. పాకము చుక్క నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూచే పని వీధి మొత్తానికి ఒక్కరిదే. ఆమె మాటకు తిరుగు లేదు. అరిసెలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య నూనె ఒత్తాలి. ఆ కూర్చున్నవారిలో మన సంఘమునకు చెందని పొరుగింటి పిన్ని కూడా ఉండేది. సంక్రాంతికి మనవాళ్లు వెళ్లి ఆమె పొయ్యి దగ్గర కూర్చునేవారు. మొదటి పళ్లెము మీద గుడ్డ కప్పి పొరుగింటికి పంపిన తరువాతనే పిల్లల చేతికి అరిసె వచ్చేది.

వెదురు బద్దల నక్షత్రము మగపిల్లల వంతు. లోపలి దీపము అంటుకొని కాలిపోయిన నక్షత్రములకు లెక్క లేదు! రాత్రి పెట్రోమాక్స్ లైటు, డోలకు, తాళములతో పాటల బృందము గడప గడపకు తిరిగేది.

1912లో దోర్నకల్ మొదటి అధ్యక్షులుగా అభిషేకింపబడిన అజరయ్యగారు మన పాటలు, మన కోత పండుగలు ఆరాధనలోనికి రావాలని కోరినవారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కతీడ్రలును చూచినవారికి ఆ సంగతి అక్కడి స్తంభములే చెప్పును. కోత పండుగకు ధాన్యము, కోడి, గుమ్మడికాయ గుడికి వచ్చేవి. ఎసట్లో పోసే బియ్యములోనుండి రోజూ పిడికెడు తీసి దేవుని కొరకు వేరే కుండలో వేయుట స్త్రీల కానుక. కూలికి పోయే తల్లి కూడా ఇవ్వగలిగిన కానుక అది.

ఇప్పుడు అరిసెలు దుకాణములో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. నేను తప్పు పట్టను. ఉద్యోగము చేసి అలసి వచ్చిన కోడలిని రాత్రి పదింటికి పాకము పట్టమనుట న్యాయము కాదు. రోటి దగ్గర నడుములు పడిపోయినది ఆడవారికే గాని మగవారికి కాదు గదా! కేకు వచ్చింది, మంచిదే. సెమీ క్రిస్మస్ పేరిట డిసెంబరు మొదటి వారము నుండే ఫంక్షన్ హాళ్లలో విందులు. 25వ తేదీ నాటికి పిల్లలకు కేకు మొగము మొత్తుతోంది.

నా బాధ వేరు. పళ్లెము గడప దాటుట తగ్గింది. పాటల బృందము వ్యానులో వస్తోంది. వ్యాను పట్టే వీధులు, కానుక బాగా వచ్చే ఇండ్లు చూచుకొని తిరుగుతోంది. ఊరి చివర ముసలి దంపతులు వాకిట దీపము పెట్టుకొని అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. పాట దూరాన వినబడుతుంది, మళ్లీ దూరమవుతుంది. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. ఇక్కడ 25 ఉదయ ఆరాధన ముగిసేసరికి అక్కడ ఇంకా 24 రాత్రి. ఫోనులో మనవడి మొగము కనబడుతుంది, తాతయ్య అని పిలుస్తాడు. అది చిన్న దీవెన కాదు. అయితే ఫోను పెట్టేసిన తరువాత ఆ ఇంట కుటుంబ ప్రార్థనకు ఇద్దరే మిగులుతారు. కొన్ని ఇండ్లలో ఒక్కరే.

అందుచేత ఈ కూటమి ముందు ఒక మనవి పెడుతున్నాను. ఈ సంవత్సరము పాటల బృందము వెళ్లవలసిన ఇండ్ల జాబితా మన స్త్రీలే వ్రాయాలి. ఒంటరిగా ఉన్నవారి ఇండ్లు మొదట ఉండాలి. వ్యాను పోని సందులకు నడిచి వెళ్లుదము. ఆ ఇండ్లలో కానుక సంచి బయటికి తీయవద్దు. మనమే పళ్లెము పట్టుకొని వెళ్లుదము. కొన్న అరిసెలైనా సరే. కాసేపు కూర్చొని, వారితో ప్రార్థన చేసి రావాలి. మీ వీధిలో అటువంటి ఇండ్లు తెలిసినవారు ఈ కూటము ముగియగానే మీ పాస్టరేటు కార్యదర్శి దగ్గర వ్రాయించండి.