రెండు జాబితాల్లోనూ లేనివాళ్లు

(పాఠశాల స్వర్ణోత్సవ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల క్రితం ఫోన్ చేశాడు. "అక్కా, మీ యూనివర్సిటీ జనాభా పరిశోధన కేంద్రంలో ప్రొఫెసర్లు సాధించిన విజయాల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి. పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నాడు. సరేనన్నాను. తర్వాత మా పాత వార్షిక నివేదికలు దించి చూశాను. ఫలానావారు ఇన్ని పేపర్లు ప్రచురించారు, ఫలానావారి దగ్గర ఇంతమందికి డాక్టరేట్ వచ్చింది, ఫలానావారు ఫలానా సదస్సులో పత్రం సమర్పించారు. అదంతా ఇక్కడ చదివితే పది నిమిషాల్లో మీరంతా భోజనాల షామియానా వైపు చూస్తారు. అందుకని జాబితా చదవను. అందులోని ఒక్కొక్క వాక్యం వెనక ఏం పని జరిగిందో, 36 ఏళ్లు ఆ పనిలో ఉన్నదాన్ని కాబట్టి, తెలిసినంత చెబుతాను. నేను ప్రొఫెసర్ని కాదు. 1988లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరి, రీసెర్చ్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను.

ముందు ఒక అపోహ తీర్చాలి. మా నాన్న చివరిదాకా "మా అమ్మాయి జనాభా లెక్కలు రాస్తుంది" అనే చెప్పేవాడు. జనాభా లెక్కలు వేరు, మా పని వేరు. పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టేది సెన్సస్ వాళ్లు. ఆ అంకెలు ఎందుకు అలా ఉన్నాయి, ఎక్కడ పొరపాటు ఉంది, రేపు ఎటు వెళ్తాయి అని చూసేది మాలాంటి కేంద్రాలు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నిధులతో 1958 నుంచి వీటిని పెడుతూ వచ్చారు. ఇప్పుడు దేశంలో 18 ఉన్నాయి, ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాల్లోనే. ఈ శాస్త్రంలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్ గారు జనాభా శాస్త్రంలో పేరు తెచ్చుకుని, 1967లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యారు.

ఇప్పుడు చిన్న సర్వే. ఈ హాల్లో రికార్డు ప్రకారం జులై 1న పుట్టినవాళ్లు చేతులెత్తండి. (చాలా చేతులు లేచాయి. నవ్వులు.) చూశారా! నాదీ అదే. 1-7-1964. మా అమ్మకు తెలిసిందల్లా నేను వరి నాట్లప్పుడు పుట్టానని. మిగతాది మాస్టారు రాసుకున్నారు. బడిలో చేర్చుకునే రోజుకు వయసు సరిపోవాలిగా! గురువులు చేసిన ఆ ఉపకారం వల్ల మా ప్రొఫెసర్లకు చాలా పని దొరికింది. మన దేశంలో వయసు అడిగితే చాలామంది ముప్పై అంటారు, ముప్పై అయిదు అంటారు, నలభై అంటారు. ముప్పై రెండు, ముప్పై మూడు అనేవాళ్లు తక్కువ. ఇలా సున్నా దగ్గర, అయిదు దగ్గర ఎంతమంది పోగయ్యారో కొలవడానికి విపిల్ సూచిక అని ఒకటుంది. కొత్తగా చేరినవాళ్లకు మా కేంద్రంలో నేర్పే మొదటి పాఠం అదే. వచ్చిన అంకెను నమ్మే ముందు దాని ముఖం చూడమనేవారు.

వయసు తెలియని మనిషిని ఏమని అడగాలి? సంఘటనల క్యాలెండరు పెట్టుకుని వెళ్లేవాళ్లం. మన ప్రాంతంలో అందరికీ గుర్తున్న తేదీ 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. "ఉప్పెనకి మా పెద్దాడు చంకలో ఉన్నాడు" అంటుంది ఒకావిడ. "ఉప్పెన తర్వాతేడు నాకు పెళ్లయింది" అంటుంది ఇంకొకావిడ. అక్కడినుంచి లెక్క కట్టుకుంటూ వచ్చేవాళ్లం. తర్వాతి ఏళ్లలో 1990 మే తుఫాను కూడా ఆ క్యాలెండర్లోకి చేరింది.

ఇక 1992 సంగతి. దేశంలో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ముంబైలోని జనాభా శాస్త్రాల సంస్థ సమన్వయంతో జనాభా పరిశోధన కేంద్రాలన్నీ పాలుపంచుకున్నాయి. దేశం మొత్తమ్మీద దాదాపు 90 వేల మంది స్త్రీలతో మాట్లాడారు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలని నియమం. అలా నేనూ ఊళ్లు తిరిగాను.

ఒక ఊళ్లో మిట్టమధ్యాహ్నం, ఆ రోజుకు ఆఖరి ఇల్లు. ఆవిడ అరుగు మీద కూర్చుని విస్తరాకులు కుడుతోంది. ఎంతమంది పిల్లలని అడిగాను. ముగ్గురు అంది. ఫారంలో ఇంకా ప్రశ్నలున్నాయి. నీ దగ్గరున్న పిల్లలు ఎంతమంది, వేరేచోట ఉన్నవాళ్లు ఎంతమంది, పుట్టి చనిపోయినవాళ్లు ఎంతమంది. లేరు అంటే అక్కడితో ఆగకుండా, పుట్టాక ఏడ్చి, కదిలి, బతకని బిడ్డ ఎవరైనా ఉన్నారా అని మళ్లీ అడగాలి. నేను హాజరు పిలిచినట్టు గబగబా చదివేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సున్నా వేసి బస్సు పట్టుకున్నాను.

మర్నాడు మా మేడమ్, అప్పట్లో కేంద్రంలో రీడర్, సరిచూడ్డానికి అదే ఇంటికి నన్ను తీసుకెళ్లారు. ఫారం సంచిలోంచి తియ్యలేదు. ఆవిడ పక్కన కూర్చుని తానూ రెండు ఆకులు కుట్టారు. కాసేపయ్యాక, "అమ్మా, పుట్టి ఏడ్చి, దక్కకుండా పోయిన బిడ్డలెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఆవిడ చేతిలో పుల్ల ఆగింది. "ఇద్దరు" అంది. ఒకడు తొమ్మిది రోజులు బతికాడట. ఒకతి పాకే వయసు దాకా ఉందట. పేరు కూడా చెప్పింది. తొమ్మిది రోజుల వాడికి పేరు పెట్టలేదు.

దారిలో మేడమ్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకటే మాట అన్నారు. "ఆవిడ దాచలేదమ్మా. అడగాల్సినట్టు నువ్వు అడగలేదు."

ఆ ఇద్దరు బిడ్డలు పుట్టినట్టు ఊళ్లో ఏ రిజిస్టర్లోనూ లేదు, పోయినట్టూ లేదు. నా సున్నా అలాగే ఉండిపోయి ఉంటే దేశం లెక్కలో కూడా వాళ్లు లేరు. విలియం బ్రాస్ అని ఎడింబరోలో పుట్టిన శాస్త్రవేత్త ఒకాయన, జనన మరణాల నమోదు సరిగా లేని దేశాల్లో పసిపిల్లల మరణాలను అంచనా వెయ్యడానికి ఒక దారి కనిపెట్టాడు. తల్లులను రెండు ప్రశ్నలు అడుగు. ఎంతమందిని కన్నావు? అందులో ఎంతమంది ఉన్నారు? తల్లి వయసును బట్టి ఆ జవాబుల్ని పేర్చితే మరణాల రేటు తేలుతుంది. ప్రపంచమంతా వాడిన ఆ లెక్క మొత్తం, విస్తరాకులు కుట్టే ఆ చెయ్యి ఆగిన క్షణం మీదే నిలబడి ఉంది. మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. దించింది డాక్టర్లు, నర్సులు, టీకాలు, తల్లులు. దిగిందో లేదో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ ప్రశ్న సరిగ్గా అడగాలి.

మా ప్రొఫెసర్లను బాగా ఆలోచనలో పడేసింది ఇంకొకటుంది. 1991 సెన్సస్‌లో ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 33 శాతం. కేరళలో 86. ఆడవాళ్లు చదువుకుంటేనే పిల్లలు తగ్గుతారని అప్పటిదాకా పుస్తకాలన్నీ చెబుతున్నాయి. తీరా 1992 సర్వే చూస్తే, ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు దేశంలో 3.4, మన దగ్గర 2.6. 2005-06 నాటికి మనం 1.8కి వచ్చాం. 2019-21 సర్వేలో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. చదువు అంతగా లేకుండానే ఇదెలా జరిగింది? ప్రభుత్వ కార్యక్రమమా, రేడియో, టీవీలా, పిల్లల్ని చదివించే ఖర్చా, మహిళా సంఘాలా? దీనిమీద ఏళ్ల తరబడి పేపర్లు రాశారు. ఒక్క కారణంతో తేలే విషయం కాదని తేలింది.

అందరూ ఆంధ్ర విజయమని మెచ్చుకుంటుంటే, అదే పట్టికలో పక్క గడి చూపించినవాళ్లను నేను ఎక్కువ గౌరవిస్తాను. ఆ తగ్గుదల భారం ఎవరు మోశారు? 2019-21 సర్వేలో ఆంధ్రలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్లు ఒక శాతం కూడా లేరు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల అమ్మాయిల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పిల్లలు తగ్గారు గానీ పెళ్లి వయసు అంతగా పెరగలేదు. చిన్నప్పుడే పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు రాకుండానే ఆపరేషన్. మంచి వార్తలోంచి ఈ మాట బయటికి తీసి చెప్పడం మా వాళ్లు చేసిన పనుల్లో పెద్దది అంటాను నేను.

లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 1940లలో కలకత్తా దగ్గర సింగూరు ప్రాంతంలో జనన మరణాలు ఎన్ని నమోదు కావట్లేదో తేల్చాలనుకున్నారు. సి. చంద్రశేఖరన్ గారు, అమెరికా వాడైన డెమింగ్ కలిసి 1949లో ఒక పద్ధతి ప్రచురించారు. ఇందాక చెప్పిన మంత్రి గారు వేరు, ఈయన వేరు. ఒక ఊళ్లో రిజిస్ట్రారు పుస్తకంలో 80 జననాలు ఉన్నాయనుకోండి. ఇంటింటికీ తిరిగి అడిగినవాళ్ల జాబితాలో 75 ఉన్నాయి. రెండింట్లోనూ ఉన్నవి 60. అంటే పుస్తకంలో మాత్రమే ఉన్నవి 20, ఇంటింటి జాబితాలో మాత్రమే ఉన్నవి 15. మొత్తం దొరికినవి 95. అంతేనా? కాదు. 20ని 15తో గుణించి 60తో భాగించండి. 5 వస్తుంది. ఆ అయిదుగురు రెండు జాబితాల్లోనూ లేనివాళ్లు. ఎవరికీ కనబడని అయిదుగురు ఉన్నారని కాగితం మీద తేల్చిన లెక్క అది. ఒక జాబితా రాసినవాళ్లు రెండోది చూడకుండా రాయాలి, అది షరతు. మన దేశంలో శాంపిల్ రిజిస్ట్రేషన్ విధానం ఈనాటికీ ఆ ఆలోచన మీదే నడుస్తోంది. ఊళ్లో ఉంటూ ఏడాది పొడుగునా రాసే మనిషి ఒకరు, ఆరు నెలలకోసారి వచ్చి విడిగా సర్వే చేసే మనిషి ఇంకొకరు. ఇద్దరి జాబితాలూ కలవనిచోట మళ్లీ వెళ్లి అడుగుతారు. ఊళ్లో ఉండి రాసినవాళ్లలో ఎంతోమంది బడి పంతుళ్లే.

ఈ లెక్క నేర్చుకున్నప్పటినుంచి ఏ జాబితా చూసినా నాకు మొదట వచ్చే ఆలోచన, ఇందులో లేనివాళ్లెవరు అని. మన స్వర్ణోత్సవ సంచిక కోసం తయారుచేసిన పూర్వ విద్యార్థుల జాబితా చూసినా అదే.

1975లో ఈ బడి పెట్టినప్పుడు ఆరో తరగతిలో చేరిన మొదటి బ్యాచ్ మాది. ఆడపిల్లల బెంచీలు నాలుగు. పదో తరగతికి వచ్చేసరికి ఒక్క బెంచీ. నా పక్కన కూర్చునే నేస్తం లెక్కల్లో నాకంటే చురుకు. తొమ్మిదో తరగతిలో దసరా సెలవుల తర్వాత రాలేదు. పెళ్లి చేశారు. నన్నూ ఆ వేసవిలోనే మాన్పించబోతే హెడ్మాస్టరు గారు మా ఇంటికొచ్చి మా నాన్నతో గంటసేపు మాట్లాడారు. నాకూ దానికీ తేడా ఆ గంటే. పోయిన నెల మన బడి అడ్మిషన్ రిజిస్టర్ అడిగి చూశాను. దాని పేరు ఎదురుగా "దీర్ఘకాలిక గైర్హాజరు వల్ల పేరు తొలగించడమైనది" అని ఉంది.

సంక్రాంతికి వాళ్ల ఊరెళ్లి కలిశాను. ఉత్సవాలకు రమ్మన్నాను. "నన్నెందుకు పిలుస్తారే, నేను పది పాసవలేదుగా" అంది. మన సభ్యత్వ ఫారం చూపించింది. వాళ్ల అబ్బాయి తెచ్చాడట, తనూ ఈ బడిలోనే చదివాడు. ఫారంలో మూడో గడి "పదో తరగతి ఉత్తీర్ణత పొందిన సంవత్సరం". అక్కడ ఆగిపోయి ఫారం మడిచి పెట్టింది. మనమెవరం దాన్ని వద్దనలేదు. కానీ అడగాల్సినట్టు అడగలేదు.

కాబట్టి సంఘానికి నాదొక విన్నపం. ఆ గడి తీసేసి "బడిలో చేరిన సంవత్సరం" అని పెట్టండి. అడ్మిషన్ రిజిస్టర్ ఒక చేత్తో, మన జాబితా ఇంకో చేత్తో పట్టుకుని బ్యాచ్‌కి ఇద్దరు చొప్పున కూర్చుంటే, పేరు కొట్టేసినవాళ్లంతా బయటికొస్తారు. ఇంటింటికీ వెళ్లి పలకరిద్దాం. ఇంకో పని ఇప్పటి ఉపాధ్యాయులది. ఈ ఏడాది సెలవుల తర్వాత రాని ఆడపిల్ల ఉంటే, పేరు తొలగించే ముందు ఒక గంట వాళ్లింటికి వెళ్లండి. దారి ఖర్చు సంఘం పెట్టుకుంటుంది, నా వంతు నేను ముందే ఇస్తాను. ఇక అసలు ఈ గేటు లోపలికే రానివాళ్లు, రెండు జాబితాల్లోనూ లేనివాళ్లు, మన ఊళ్లో ఎంతమందో ఆలోచించండి.

వచ్చేటప్పుడు నా నేస్తాన్ని మళ్లీ అడిగాను, మరి వస్తావా అని. "ముందు ఆ ఫారం మార్పించు, అప్పుడు చూద్దాం" అంది నవ్వుతూ. కార్యదర్శి గారూ, ఇక మీ చేతుల్లో ఉంది.