బ్యాండ్ టీషర్టుకి డిజైన్ బ్రీఫ్: "కొంచెం కూల్‌గా ఉండాలి" అంటే సరిపోదు

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది బ్యాండ్ వాళ్ళు ఒకటే అడిగారు. "అన్నా, మర్చండైజ్ వేయిద్దాం అనుకుంటున్నాం, డిజైనర్‌కి ఏం చెప్పాలి?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. మర్చండైజ్ అంటే టీషర్టులు, టోపీలు, స్టిక్కర్లు, పోస్టర్లు అన్నీ వస్తాయి. నేను మాత్రం టీషర్ట్ మీదే ఉంటాను, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

ముందు ఒక సంగతి. నాకు తెలిసిన ఒక బ్యాండ్ ఉంది, పేరు చెప్పను. వాళ్ళు ఒక అమ్మాయికి డిజైన్ పని ఇచ్చారు. ఇచ్చిన బ్రీఫ్ వాట్సాప్‌లో ఒక వాయిస్ నోట్. "మన పాటల్లాగా ఉండాలి, కొంచెం కూల్‌గా, కొంచెం మాస్‌గా." అంతే. ఆ అమ్మాయి మొదటి డిజైన్ పంపింది. "బాగుందమ్మా, కానీ ఏదో మిస్సవుతోంది" అన్నారు. రెండోది పంపితే డ్రమ్మర్‌కి నచ్చింది, సింగర్‌కి నచ్చలేదు. అలా ఏడు సార్లు మార్చింది. డబ్బులు మాత్రం ఒక్క డిజైన్‌కే. చివరికి కాలేజీ ఫెస్ట్ అయిపోయింది, టీషర్టులు రాలేదు, ఆ అమ్మాయి వీళ్ళతో మాట్లాడటం మానేసింది. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఏం కావాలో వాళ్ళల్లో వాళ్ళకే తేలలేదు, ఆ భారం డిజైనర్ మీద పడింది, అంతే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు దీన్ని రిక్వైర్‌మెంట్ సమస్య అనేవాళ్ళం. క్లయింట్ "యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి" అని రాస్తాడు. దాన్ని ఎలా టెస్ట్ చేస్తాం? "కూల్‌గా" కూడా అలాంటి మాటే.

మరి మంచి బ్రీఫ్ ఎలా ఉంటుంది? రోలింగ్ స్టోన్స్ కథ చూద్దాం. ఎర్ర పెదాలు, బయటికి చాపిన నాలుక, ఆ గుర్తు మీరందరూ చూసే ఉంటారు. దాన్ని గీసింది జాన్ పాష్, 1970లో. అప్పటికి ఆయన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో స్టూడెంట్. మిక్ జాగర్ ఆయనకి చూపించింది ఏంటో తెలుసా? కాళీమాత బొమ్మ! మనం క్యాలెండర్ల మీద చూసే ఆ నాలుక చాపిన అమ్మవారే. దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పాడు. షెల్ పెట్రోల్ బంకు గుర్తులాగా, పక్కన పేరు లేకపోయినా నిలబడాలి అని. చూడండి, ఒక రిఫరెన్స్, ఒక కొలమానం. బ్రీఫ్‌లో సగం పని అక్కడే అయిపోయింది. దాన్ని అలాగే కాపీ కొట్టు అనలేదు, గీసేవాడికి చోటు వదిలాడు. పాష్‌కి అప్పుడు ఇచ్చింది 50 పౌండ్లు. 2008లో ఆ ఒరిజినల్ ఆర్ట్‌వర్క్‌ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 92,500 డాలర్లకి కొనుక్కుంది. డబ్బు సంగతికి మళ్ళీ వస్తాను.

అంటే రిఫరెన్స్ ఇచ్చేటప్పుడు పింటరెస్ట్ నుంచి ముప్పై బొమ్మలు పడేయకండి. మూడు చాలు. ఒక్కోదాని పక్కన ఒక వాక్యం రాయండి, ఇందులో నచ్చింది ఏంటి అని. రంగా, అక్షరాలా, ఖాళీ జాగానా? నచ్చనివి కూడా రెండు పెట్టండి. నిజం చెప్పాలంటే నచ్చనివే ఎక్కువ ఉపయోగపడతాయి. "పుర్రెలు వద్దు, గిటార్ బొమ్మ వద్దు" అని రాస్తే డిజైనర్‌కి రెండు రోజులు మిగులుతాయి.

ఎవరు వేసుకుంటారు అన్నది కూడా రాయండి. మీ అభిమానులు అని కాదు. ఆఫీసుకి శుక్రవారం వేసుకెళ్ళేవాళ్ళా, షోలో మాత్రమే వేసుకునేవాళ్ళా? ఆఫీసుకి వేసుకెళ్ళేవాడికి వీపు నిండా మీ అయిదుగురి మొహాలు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాయింట్, ప్రింటింగ్. బ్రీఫ్ రాసే ముందే ప్రింటర్‌తో మాట్లాడండి. చాలామంది తర్వాత మాట్లాడతారు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి. నల్ల టీషర్ట్ మీద పసుపు నేరుగా వేస్తే మురికిగా కనిపిస్తుంది, అందుకని మామూలుగా కింద తెల్లరంగు ఒక కోటు వేస్తారు. దానికి ఇంకో స్క్రీన్. అంటే మూడు రంగుల డిజైన్ అనుకున్నది నాలుగు స్క్రీన్ల ఖర్చు అన్నమాట. యాభై టీషర్టులే వేయిస్తే ఆ ఖర్చు ఒక్కో షర్టు మీద గట్టిగానే పడుతుంది. రంగులు ఎక్కువ, షర్టులు తక్కువ అయితే డీటీఎఫ్ లాంటి డిజిటల్ పద్ధతులు ఉన్నాయి, కాకపోతే పెద్ద బొమ్మ వేస్తే ఛాతీ మీద ప్లాస్టిక్ అట్టలాగా అనిపించొచ్చు. మన ఎండల్లో అది ఎవరు వేసుకుంటారు చెప్పండి? అందుకే బ్రీఫ్‌లో ఇలా రాయండి: "స్క్రీన్ ప్రింట్, నల్ల గుడ్డ, రెండు రంగులకి మించకూడదు, ముందువైపు వెడల్పు 11 అంగుళాలు, ఫైల్ వెక్టర్‌లో కావాలి." ఈ ఒక్క వాక్యం వాయిస్ నోట్ల కంటే వంద రెట్లు నయం.

తెలుగు అక్షరాలు పెట్టించేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తులు విడిపోతాయి. కింద ఉండాల్సిన ఒత్తు పక్కకి వచ్చి కూర్చుంటుంది. డిజైనర్‌కి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు పాపం. కాబట్టి మీ పేరు ఎలా ఉండాలో కాగితం మీద రాసి ఫోటో తీసి బ్రీఫ్‌లో పెట్టండి. ఫైనల్ ఫైల్‌లో అక్షరాలని అవుట్‌లైన్స్‌గా మార్చి ఇవ్వమని అడగండి, లేకపోతే ప్రింటర్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక మళ్ళీ మారిపోతుంది. ఇంకోటి, సన్నటి ఒత్తుల మధ్య ఖాళీల్లో ఇంకు పూడుకుపోతుంది, కొంచెం లావు అక్షరమే తీసుకోండి.

ఫైనల్ చెప్పేది ఎవరు? ఒక్క పేరు రాయండి. అయిదుగురున్న బ్యాండ్‌లో అయిదుగురూ అభిప్రాయం చెప్పొచ్చు, కానీ అవన్నీ ఒకరి దగ్గర చేరి, ఒక్క మెసేజ్‌గా డిజైనర్‌కి వెళ్ళాలి. ఎన్ని మార్పులు డబ్బుల్లో కలిసి ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కోదానికి ఎంత అన్నది కూడా అక్కడే రాసేయండి. ఫ్రెండ్ అయినా సరే. ఫ్రెండ్ అయితే ముఖ్యంగా రాయాలి.

ఇక డబ్బు, హక్కులు. "మేం డబ్బులిచ్చాం కాబట్టి డిజైన్ మాదే" అనుకుంటారు. అంత సులువు కాదు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళు అన్నది రాయకపోతే అయిదేళ్ళు అని లెక్క. ఏ ప్రాంతం అన్నది రాయకపోతే ఇండియా వరకే. రేపు మీ పాట హిట్టయి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ళ షోలో అవే టీషర్టులు అమ్మాలంటే ఈ రెండు గీతలే అడ్డం రావచ్చు. డిజైనర్ వైపు నుంచి కూడా చూడండి. టీషర్ట్ కోసం గీసిన బొమ్మని రేపు ఆల్బమ్ కవర్ మీద, కప్పుల మీద, స్టేజీ వెనక తెర మీద వాడితే వాళ్ళకేం రావాలి? ముందే మాట్లాడుకుని, ఎక్కడెక్కడ వాడతారో బ్రీఫ్‌లోనే పెట్టండి. పెద్ద మొత్తం అయితే లాయర్‌కి ఒకసారి చూపించండి.

ఇదంతా ఒక పేజీకి మించకూడదు. రెండు పేజీలైతే ఎవరూ చదవరు, ఇది ఆఫీసులో నేర్చుకున్నది.

మీ బ్రీఫ్‌లు రాసి నాకు పంపండి, పేర్లు తీసేసే పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో రెండు మూడు తీసుకుని స్క్రీన్ మీదే పెట్టి సరిచేద్దాం. వీలైతే ఒక ప్రింటర్ అన్నని కూడా కూర్చోబెడతాను, రేట్లు ఆయన్నే అడగండి. ఉంటాను మరి.