చదువు ముగిసిన పిదప: పరదేశమున పనిచేయు అనుమతి

ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి ప్రాంతములలో ఒకప్పుడు మీ అబ్బాయి యెక్కడ పనిచేయుచున్నాడని అడిగినచో, నాచారం పారిశ్రామికవాడలోని కర్మాగారము పేరో, మౌలాలి రైల్వే షెడ్డు పేరో, హబ్సిగూడలోని పరిశోధనాలయము పేరో చెప్పెడివారు. నేడు పెక్కు ఇండ్లలో అమెరికాలోని ఒక రాష్ట్రము పేరు వినవచ్చుచున్నది. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు మరి యే దేశమునుండియు అంతమంది అక్కడ లేరు. అయితే వీరిలో 97,556 మంది చదువు ముగించి, ఆ పట్టము నాధారముగా తాత్కాలికముగ పనిచేయుటకు అనుమతి పొందినవారు. ఈ అనుమతి స్వరూపమెట్టిదో తెలిసికొనుట, అప్పుచేసి పిల్లలను పంపు తలిదండ్రులకు మిక్కిలి అవసరము.

వ్యవహారమున దీనిని పనిచేయు హక్కు అనుచుందురు. అమెరికా చట్టము దృష్టిలో ఇది చదువునకు అనుబంధమైన శిక్షణ. దీనికి ఐచ్ఛిక ప్రయోగాత్మక శిక్షణ అని పేరు, ఓ.పి.టి. అను పొడి అక్షరములతో మన పిల్లలందరు ఎరుగుదురు. విద్యార్థి వీసాకు మూలమైన చట్టము 1952 నాటిది. ఆ చట్టములో ఈ శిక్షణ పేరు ఎక్కడను లేదు. ప్రభుత్వ శాఖలు చేసిన నిబంధనల వలన ఇది యేర్పడి, 1992లో 12 నెలల గడువుతో నేటి రూపమును పొందెను. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాస్త్రములు చదివినవారికి 2008లో మరి 17 నెలలు కలిపిరి. ప్రజాభిప్రాయమును కోరకయే ఆ నిబంధన చేసిరని 2015లో ఒక న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ప్రభుత్వము విధి ప్రకారము మరల నిబంధన చేసి, 2016 మే నుండి ఆ పొడిగింపును 24 నెలలకు పెంచెను. దీనిపై నడచిన వ్యాజ్యములో 2022లో అప్పీలు న్యాయస్థానము ఈ పద్ధతిని సమర్థించెను. 2023లో సుప్రీంకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించెను.

ఈ చరిత్ర యంతయు చెప్పుటకు కారణము కలదు. శాసనసభ చేసిన చట్టమును మార్చవలెనన్నచో శాసనసభయే కూడవలెను. శాఖ చేసిన నిబంధనను తగిన విధి ననుసరించి ఆ శాఖయే మార్చగలదు. కావున నేడున్న 36 నెలలు పిల్లవాని చదువు ముగియునాటికి అట్లే యుండునని యెవ్వరును పూచీ పడజాలరు.

ఇక దినముల లెక్క. చదువు ముగియుటకు 90 దినములు ముందు మొదలుకొని, ముగిసిన 60 దినముల లోపల దరఖాస్తు చేరవలెను. ఉద్యోగము చదివిన విషయమునకు సంబంధించినదై యుండవలెను. మొదటి శిక్షణ కాలములో మొత్తము 90 దినములకు మించి నిరుద్యోగిగా ఉండరాదు. పొడిగింపు పొందినవారికి మరి 60 దినములు కలియును. పొడిగింపు కాలమున యజమాని ఈ-వెరిఫై అను ప్రభుత్వ ఏర్పాటులో చేరినవాడై, లిఖితపూర్వకమైన శిక్షణ ప్రణాళిక ఇచ్చి, వారమునకు కనీసము 20 గంటలు జీతముతో పని చూపవలెను. జీతము లేక కాగితముపై మాత్రము ఉద్యోగము చూపుట ఇక్కడ చెల్లదు.

ఆ పిమ్మట హెచ్-1బి వీసా. సంవత్సరమునకు 65,000, అమెరికాలో పైపట్టము పొందినవారికి మరి 20,000. దరఖాస్తులు అంతకు మించి వచ్చుటచే చీటీలు తీయు పద్ధతి వచ్చినది. ఎక్కువ వేతనము గలవారికి ఎక్కువ అవకాశము కల్పించు నిబంధన 2025 డిసెంబరులో ప్రకటింపబడెను. అదే సంవత్సరము సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. అమెరికాలోనే యుండి విద్యార్థి వీసానుండి మారువారికి అది వర్తింపదని అక్టోబరులో అధికారులు వివరించిరి. నెల తిరుగునప్పటికి అర్థము మారిన ఈ ఉదంతమే నిబంధనల అస్థిరతకు నిదర్శనము.

ఈ విషయమున తెలుగువారు రెండు కఠినమైన పాఠములు నేర్చిరి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసిరి. అందు చేరిన వేయిమందికి పైబడిన విద్యార్థులలో అత్యధికులు నాటి ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించిరి. దాని వ్యవస్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు పైగా శిక్ష పడెను. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము సంగతి బయటపడినది. ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. అధికారులే పన్నిన వల అది. మొదట పట్టుబడిన సుమారు 130 మందిలో పెక్కురు తెలుగు బిడ్డలు. విద్యార్థులను చేర్చిన ఎనమండుగురు దళారులపై నేరము మోపిరి. కట్టిన రుసుము తిరిగి కోరు దావా విచారణకు అర్హమని 2024లో అప్పీలు న్యాయస్థానము చెప్పినది గాని, పోయిన చదువును, కాలమును ఏ తీర్పు తిరిగి ఇయ్యగలదు? చదువుకాలమునందే పనిచేయించు సి.పి.టి. అను అనుమతిని ఎరగా చూపుటయే ఈ మోసములకు మూలము. పూర్తికాలపు సి.పి.టి. 12 నెలలు వాడుకొన్నవారికి అదే స్థాయి చదువుపై ఓ.పి.టి. లభింపదన్న సంగతి దళారి చెప్పడు.

ఇతర దేశములలోను గడువులు మారుచునేయున్నవి. బ్రిటన్ 2012లో ఈ సదుపాయమును ఎత్తివేసి, 2021 జూలైలో రెండేండ్ల గడువుతో మరల ఇచ్చినది. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేయువారికి, పరిశోధనా పట్టము పొందినవారు తప్ప, 18 నెలలేనని ప్రకటించినది. కెనడా అనుమతి చదువు కాలమును బట్టి 8 నెలలు మొదలు మూడేండ్ల వరకు. జీవితమున ఒక్కసారియే దొరకును. జర్మనీ పని వెదకుకొనుటకు 18 నెలలిచ్చును.

ప్లాటు కుదువపెట్టుటకు ముందు తలిదండ్రులు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఆ విద్యాలయమున నిజముగ తరగతులు నడచుచున్నవా? అబ్బాయి గాని అమ్మాయి గాని చదువబోవు విషయము పొడిగింపునకు అర్హమైనదా? ఉద్యోగము దొరకక స్వదేశమునకు తిరిగి వచ్చినచో ఇక్కడి జీతముతో ఆ అప్పు తీరునా? మూడవదానికి సమాధానము లేనిచో, ప్రయాణమును ఒక యేడు వాయిదా వేయుటలో నామోషీ లేదు. వెళ్ళినవారు మాత్రము దినములను వ్రాసి ఉంచుకొని, సందేహము కలిగినప్పుడు దళారిని గాక విద్యాలయములోని అధికారిని అడుగవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిన మాట, గడువులపై నడచు ఈ జీవితమునకు మరింతగ వర్తించును.