జ్ఞాపకానికి మన వంతు సాయం



తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం అందరికీ ఉన్నదే. అది దేనికి పనికొస్తుందో మరిచిపోవడం వేరు. జ్ఞాపకాన్నీ ఆలోచననూ మెల్లగా హరించే ఆ స్థితిని డిమెన్షియా అంటారు.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికన్నా, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలగలిసిన మన నగరం ప్రపంచానికి అందించిన విషయమిది.

అయితే జబ్బు వచ్చాక చూస్తే చాలదు. ఆరోగ్యంగా ఉన్ననాటి నుంచే ఏళ్ల తరబడి గమనించాలి. అందుకే బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లోని మెదడు పరిశోధన కేంద్రం కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, 45 ఏళ్లు దాటిన పదివేలమందిని చేర్చుకోవాలన్న లక్ష్యంతో అధ్యయనం చేపట్టింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతమది. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, మెదడు స్కానింగులు అందులో భాగం.

ఇలాంటి పరిశోధనకు మిమ్మల్ని పిలిస్తే భయపడకండి, అడిగి తెలుసుకోండి. ఏ పరీక్షలు చేస్తారు? ఎన్నిసార్లు రావాలి? ఇబ్బందులేమిటి? మన వివరాలు గోప్యంగా ఉంచుతారా? అన్నీ అర్థమయ్యాకే సంతకం పెట్టండి. పెట్టిన తర్వాతా ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీదే. ఈ పరిశోధన చికిత్స కాదు. ఫలం మనకు దక్కకపోవచ్చు. మన మనవల తరానికి మాత్రం పనికిరావచ్చు. ఆలోచించండి, ఇంట్లో పెద్దలతో మాట్లాడండి.