వెనక సీటు వారి పక్షాన

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్న బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకు ఇచ్చిన అంశం స్కూటరు ప్రయాణంలోని ప్రమాదాలు. బండి నడిపేవారికి జాగ్రత్తలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. అందుచేత నేను వెనక సీటు మీద కూర్చునేవారి పక్షాన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన తరానికి స్కూటరు అంటే ఒట్టి బండి కాదు. 1970లలో ఉద్యోగంలో చేరినప్పుడు చాలామందికి సైకిలే గతి. బజాజ్ చేతక్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆఫీసులో మోటారు సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకుని కొన్నాం. ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనక పక్కకు తిరిగి కూర్చున్న ఇల్లాలు, ఆవిడ ఒడిలో చంటిది. అదే మన కుటుంబ వాహనం. ఈనాటికీ ఎవరినీ బతిమాలుకోకుండా బ్యాంకుకు, రైతు బజారుకు, ఆస్పత్రికి వెళ్లగలుగుతున్నామంటే ఆ రెండు చక్రాల చలవే. కాబట్టి బండి అమ్మెయ్యమని నేను చెప్పబోవడం లేదు.

అయితే లెక్కలు కూడా చూడాలి. గుమాస్తాను కదా, లెక్క చూడకుండా మాట్లాడలేను. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద పోయినవారు 44.5 శాతం. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనక కూర్చున్నవారు! అంటే ప్రతి ఏడుగురిలో ఇద్దరు.

వెనక కూర్చున్నవారికి హ్యాండిలు లేదు, బ్రేకు లేదు. ముందున్న గుంత కనపడదు. స్పీడు బ్రేకరు వస్తోందని నడిపేవాడికి తెలుసు గనుక ఒళ్లు బిగబట్టుకుంటాడు. వెనకవారికి అది ఎగిరిపడిన తర్వాతగాని తెలియదు. పక్కకు తిరిగి కూర్చుంటే ఆధారం సగమే. ఒక చేతిలో కూరల సంచీ ఉంటే ఆ సగమూ లేదు. బండి నడిపేవాడు తన ప్రాణానికి తాను తెగించవచ్చు. వెనకవారి తరఫున తెగించే అధికారం ఆయనకు ఎవరిచ్చారు?

నేను ముప్పై ఏళ్లకు పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేశాను. ఉద్యోగి పోతే ఫ్యామిలీ పెన్షను కాగితాలు, గ్రాట్యుటీ, కారుణ్య నియామకం ఫైలు నా బల్ల మీదికే వచ్చేవి. ఆ ఇల్లాలి నమూనా సంతకాలు, పుట్టుమచ్చల వివరాలు రాసుకునేటప్పుడు తల ఎత్తి ఆవిడ ముఖం చూడలేకపోయేవాణ్ని. స్కూటరు ప్రమాదాల ఫైళ్లు అందులో తక్కువేమీ కాదు. కాని నన్ను ఇప్పటికీ వెంటాడేది ఫైలు లేని సంగతి ఒకటి. మా ఆఫీసు సీనియరు అసిస్టెంటు ఒకాయన భార్యను వెనక కూర్చోబెట్టుకుని పెళ్లికి బయలుదేరారు. పట్టుచీర కొంగు వెనక చక్రంలో చుట్టుకుంది. ఆవిడ వెల్లకిలా పడ్డారు. తలకు దెబ్బ. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఉద్యోగి చనిపోతే ప్రభుత్వం ఒక ఫైలు తెరుస్తుంది. ఉద్యోగి భార్య చనిపోతే సెక్షనులో పని ఒక్కటే. కుటుంబ సభ్యుల జాబితాలో ఆవిడ పేరు కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేయడం. ఆ గీత నేనే గీశాను. ముప్పై రెండేళ్ల కాపురానికి ఆఫీసులో మిగిలిన గుర్తు అదే.

అమ్మలారా, చీర కొంగు నడుములో దోపుకోండి. చున్నీ అయితే ముడి వేసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమం ఇందుకోసమే ఉంది. వెనకవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని అందులో ఉంది. శారీ గార్డు అని షాపువాళ్లు పిలిచేది అదే. మనవడు అందం చెడిందని దాన్ని ఊడదీయిస్తే, మళ్లీ పెట్టించేదాకా ఆ బండి ఎక్కకండి.

ఇక హెల్మెట్టు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ వర్తిస్తుంది, వెనకవారితో సహా. హెల్మెట్టు వల్ల మరణావకాశం సుమారు 42 శాతం, తల గాయాల అవకాశం సుమారు 69 శాతం తగ్గుతాయని అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. ఇంట్లో ఒకటే హెల్మెట్టు ఉంటే అది ఆయన తల మీదే ఉంటుంది. ఇది నేను వీధిలో రోజూ చూస్తున్నాను. కొప్పు నలుగుతుందని, పూలు చెదురుతాయని కొందరంటారు. పూలు గుడి దగ్గర కొనుక్కుని అక్కడే పెట్టుకోవచ్చు. దగ్గరే కదా అంటారు మరికొందరు. లారీకి మన ఇల్లు ఎంత దూరమో తెలియదు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్టు అమ్మడం చట్టవిరుద్ధం. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది టోపీతో సమానం, పడగానే ఊడిపోతుంది.

మనవలను ఎక్కించుకునే తాతలకూ ఒక మాట. నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో 2023 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక నియమం వచ్చింది. బిడ్డను పెద్దవారికి కలిపి కట్టే పట్టీలు ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్టు ఉండాలి. వేగం నలభై దాటకూడదు.

ఆ నలభై కూడా తక్కువేమీ కాదు. అడ్డం వచ్చిన కుక్కను కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టడానికి ఒక సెకను పట్టిందనుకోండి. ఆ సెకనులో బండి 11 మీటర్లు ముందుకు పోతుంది. అరవైలో అయితే 16 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. మన వయసులో ఆ ఒక్క సెకను ఇంకాస్త సాగుతుంది. ఆలస్యం అమృతం విషం అన్నారు, నిదానమే ప్రధానం అనీ అన్నారు. మొదటిది ఫైళ్లకు, రెండోది స్కూటరుకు అని నేను అర్థం చెప్పుకున్నాను.

మరి బండి ఎప్పుడు మానాలి? 55 ఏళ్లు దాటాక లైసెన్సు ఐదేళ్లకొకసారి రెన్యూవలు చేయించుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్టును మొక్కుబడి కాగితం అనుకోవద్దు, కళ్లు నిజంగా చూపించుకోండి. ఎదుటి దీపాలకు కళ్లు చెదురుతుంటే రాత్రి ప్రయాణం మానండి. మెడ తిప్పి వెనక్కి చూడలేకపోతే, ఆగిన బండిని కాలు ఆనించి నిలపలేకపోతే, ముందుగా మానవలసింది వెనక మనిషిని ఎక్కించుకోవడం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆవిడకు టిక్కెట్టు లేదు, మనం ఒక్కరం కొనుక్కుంటే చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

చివరగా, దారిలో ఎవరైనా పడి ఉంటే పోలీసులకు, కోర్టుకు భయపడి ముఖం తిప్పుకోకండి. సాయం చేసినవారికి 2019 సవరణతో చట్టంలో 134ఎ సెక్షను రక్షణ కల్పించింది. ఇష్టం లేకపోతే మీ పేరు కూడా చెప్పనక్కరలేదు. 108కి ఫోను చేయండి.

సోదరులారా, వెనక నుంచి "ఏమండీ, కాస్త నిదానం" అని వినబడితే అది సణుగుడు కాదు. ఆ బండి మీద ఆవిడకున్న బ్రేకు అదొక్కటే. అది పనిచేయాలంటే మనం వినాలి. అమ్మలారా, మీరు కూడా మొహమాటపడకుండా చెప్పండి. వినకపోతే దిగిపొండి.

ఈ సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పుడు ప్రతి బండికీ రెండు హెల్మెట్లు ఉన్నాయో లేదో ఒకరినొకరు చూసుకుందాం. లేనివారు ఇల్లాలిని ఆటోలో పంపించవలసిందిగా కోరుతున్నాను.