మా ఊరి పిట్టల మీటింగ్‌కి గెస్ట్ స్పీకర్ ఎవరో తెలుసా?

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసి, పొద్దున్నే ఈ పిట్టల వెనక తిరగడం ఏంది?" అని. మా అమ్మ కూడా రోజూ ఇదే అడుగుతుంది. ఇద్దరికీ కలిపి ఇవాళ జవాబు చెప్పేస్తా.

మాది మానవపాడు, గద్వాల జిల్లా. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో ఉన్న మా సీమను నడిగడ్డ అంటారు. నా చిన్నప్పుడు మా తాత ఒక పిట్ట గురించి చెప్పేవాడు. "మేకపిల్లంత ఉంటదిరా, బీడు భూమిల దర్జాగ నడుస్తుంటది" అని. నేను నమ్మలేదు. తాత కథలు చెప్తున్నాడు అనుకున్నా.

తర్వాత హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నప్పుడు మా రూమ్మేట్ ఒక ఆదివారం పిట్టల క్లబ్ మీటింగ్‌కి లాక్కెళ్ళాడు. నెలకోసారి జరిగే మీటింగ్ అది. ముందు, పోయిన నెల ఎవరు ఎక్కడ ఏం చూశారో చెప్పుకుంటారు. తర్వాత ఒక గెస్ట్ వచ్చి స్లైడ్లు వేసి మాట్లాడతారు. ఆఖర్న ప్రశ్నలు, టీ, బిస్కెట్. అంతే. పదో తరగతి పిల్లాడు లేచి, మా అపార్ట్‌మెంట్ వెనక కుంటలో ఫలానా పిట్ట చూశానన్నాడు. తెల్ల జుట్టు పెద్దాయన ఒకరు నోట్‌బుక్ తీసి, "ఏ తారీఖు? ఎన్ని గంటలకి? ఎన్ని ఉన్నాయి?" అని అడిగి రాసుకున్నారు. పిల్లాడిని ఎవరూ చిన్నచూపు చూడలేదు. నాకు అక్కడే వెలిగింది. ఇది లాగ్ ఫైల్! లాగ్ లేకపోతే సిస్టమ్ ఎప్పుడు చెడిపోయిందో ఏ ఇంజనీరూ చెప్పలేడు. పిట్టల విషయంలో కూడా అంతే.

ఆ రోజు ఒక స్లైడ్‌లో బట్టమేక పిట్ట బొమ్మ వచ్చింది. దాదాపు మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది. చూడగానే ఒళ్ళు జలదరించింది. తాత చెప్పిన పిట్ట అచ్చం ఇదే! వెంటనే ఫోన్ చేసి అడుగుదామనుకున్నా. కానీ ఎవరిని అడగాలి? అప్పటికి తాత పోయి రెండేళ్ళు. ఏ చేనులో చూశాడు, ఏ సంవత్సరం, ఎన్ని... ఏదీ నేను అడగలేదు. ఆయన తలలో ఉన్న లాగ్ ఫైల్ ఆయనతోనే పోయింది.

బట్టమేక కోసమే 1988లో తుంగభద్ర అవతల, నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. మా ఊరికి అది ఎక్కువ దూరం కాదు. కానీ ఇప్పుడు అక్కడ అది కనిపించడమే గగనం. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపే, అవి కూడా ఎక్కువగా రాజస్థాన్‌లోనే. సాధారణంగా ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. బీడు భూములు తగ్గిపోయాయి. బరువైన పిట్ట కదా, కరెంటు తీగ ఎదురొస్తే చప్పున తప్పుకోలేదు, తగిలి చచ్చిపోతుంది.

ఇప్పుడు మీకు ఒక మంచి ముచ్చట. మన తెలుగు నేల మీద ఈ మీటింగులు నిన్న మొన్న పుట్టినవి కావు. బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ 1980లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. వాళ్ళ న్యూస్‌లెటర్ పేరేంటో తెలుసా? 'పిట్ట'! ఇంకో విషయం వినండి. శాస్త్రవేత్తలు ప్రపంచమంతా వాడే పిట్టా అనే ప్రజాతి పేరు మన తెలుగు మాట నుంచే వెళ్ళింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త వియో 1816లో ఆ పేరు పెట్టాడు. మనం పొన్నంగి పిట్ట అంటాం చూడండి, అది ఆ కుటుంబందే.

కలివి కోడి కథ ఇంకా గొప్పది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో తిరుగుతూ జనాన్ని అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. శాస్త్రం పోయిందనుకున్న పిట్ట, పల్లె మనిషికి తెలిసిన పిట్టే!

అందుకే జాబ్ వదిలి ఊరికొచ్చాక నేను అనుకున్నది ఒకటే. క్లబ్బులేమో సిటీలో ఉన్నాయి, పిట్టలు, వాటిని చూసిన ముసలోళ్ళు మా ఊర్లో ఉన్నారు. ఈ రెంటినీ ఒక్క చెట్టు కింద కూర్చోబెట్టాలి.

పోయిన నెల రెండో ఆదివారం మొదటి మీటింగ్ పెట్టాం. వచ్చింది ఏడుగురు. అందులో నలుగురు ఇంటర్ పిల్లలు. గెస్ట్ స్పీకర్ మా గొర్ల మామ! ముందు నవ్వాడు. "ఏందిరా, పిట్టల సూడనీకె హైదరాబాద్ పోయినవా? నన్నడిగితే సూపియ్యనా?" అన్నాడు.

తీతువు పిట్ట కూస్తే చెడు జరుగుతుందని మన ఇళ్ళల్లో అంటారు కదా. మామ దాని గుట్టు విప్పాడు. "అది నీ సావు కోరి అరుస్తలేదు. గుడ్లు నేల మీద పెడతది, అవి మట్టిగడ్డల లెక్కనే ఉంటయి. నువ్వు దగ్గరికొస్తే పిల్లల కోసం అరుస్తది." దుక్కి దున్నేటప్పుడు గూడు కనిపిస్తే పక్కన కట్టె నాటి, ఆ కాస్త జాగా వదిలేసి దున్నుతారట. పుస్తకం చదవకుండానే ఎంత తెలుసో చూడండి!

అంతా సాఫీగా జరగలేదు. ఒక తమ్ముడు ఆ గూడు ఫోటో లొకేషన్‌తో సహా స్టేటస్‌లో పెట్టబోయాడు. మామ గట్టిగా తిట్టాడు. "రేపు పదిమంది వస్తరు, తల్లి గూడు ఇడిసిపోతది." అక్కడికక్కడే మా మొదటి రూల్ రాసుకున్నాం: గూడు లొకేషన్ ఎక్కడా పెట్టకూడదు.

చివరికి ధైర్యం చేసి బట్టమేక గురించి అడిగా. మామ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపి చూపించాడు. "మీ తాత అబద్ధం చెప్పలె. నేను శిన్నగున్నప్పుడు మా నాయన నాకు గాడ సూపిచ్చిండు." ఆయన చూపించిన చోట ఇప్పుడు సీడ్ పత్తి చేను ఉంది. అది సర్వే నంబర్లతో పంచుకున్న రైతుల భూమి, వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. మేం మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఫోటో లేదు, తారీఖు లేదు కాబట్టి దాన్ని రికార్డు అనలేదు. 'మామ జ్ఞాపకం' అనే హెడ్డింగ్ పెట్టాం.

మీరు కూడా మొదలుపెట్టొచ్చు. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మెర్లిన్ యాప్ ఫ్రీ, కూత విని పేరు చెప్తుంది. కానీ అది కూడా పొరబడుతుంది, కంటితో చూశాకే రాయండి. ఈబర్డ్‌లో తారీఖు, టైము, చోటు, ఎన్ని చూశారో ఎక్కించండి. కాకులు, గోరింకలు కూడా రాయండి. ఇవాళ మామూలుగా కనిపించే పిట్ట రేపు మామూలుగా ఉంటుందని గ్యారంటీ లేదు.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ తాతనో, అవ్వనో ఒక్క మాట అడగండి. "నీ చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు కనబడని పిట్ట ఏది?" అని. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నేను ఆలస్యం చేశాను, మీరు చేయకండి.

వచ్చే రెండో ఆదివారం మా గెస్ట్ తుంగభద్రలో చేపలు పట్టే పెద్దనాయన. నది మీది పిట్టల గురించి చెప్తాడు. ఆ ముచ్చట్లతో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి!