ఎదుటివాడి తొలి ఎత్తులు

చదరంగ రచన మీద జరుగుతున్న ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేసిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

ప్రారంభపు ఎత్తుల గురించి రాసేటప్పుడు వరసలు ఇచ్చి ఊరుకోవడం సులువు. ఆ వరసలు కంఠస్థం చేసిన పిల్లవాడు, ఎదుటివాడు దారి మార్చిన మరుక్షణం దిక్కు తోచక కూర్చుంటాడు. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్పదలచాను. ఎదుటివాడు ఎత్తు వేయగానే, ఏం సంపాదించాడో చూసే ముందు ఏం వదులుకున్నాడో చూడాలి. బంటు వెనక్కి నడవదు. ముందుకు జరిగితే, అంతవరకూ తాను కాసిన గళ్ళను ఇక ఎన్నటికీ కాయలేదు.

తెల్ల ఆటగాడు రాజు ముందు బంటును రెండు గళ్ళు జరిపాడనుకోండి. నల్ల ఆటగాడు తన రాజు ముందు బంటును ఒక్క గడి జరిపాడు. ఇదే ఫ్రెంచ్ డిఫెన్స్. మంత్రి ముందు బంటును రెండు గళ్ళు తోసి నడిబోర్డులో ఢీకొనడం అతడి ఉద్దేశం. అందుకు అతడు చెల్లించిన మూల్యం మంత్రి పక్కనున్న శకటు. సొంత బంటే దానికి అడ్డం. ఇది గమనించిన తెల్ల ఆటగాడు తన బంటును ఇంకో గడి తోసి, నడిబోర్డు మూసి, ఆ శకటును ఇంట్లోనే బంధిస్తాడు. 2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి గేమ్‌లో డింగ్ లిరెన్ ఈ డిఫెన్సే ఎంచుకున్నాడు. గుకేశ్ నడిబోర్డు మూశాడు. అయినా ఆ గేమ్ డింగ్‌దే. ప్రారంభాన్ని సరిగా చదివినా మిగతా పోరాటం చేయక తప్పదు. చివరికి మ్యాచ్‌లో గుకేశ్ 7.5–6.5తో విజేత అయ్యాడు.

2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో క్రామ్నిక్ చేసింది ఇంకా లోతైన పని. అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్ మీద బెర్లిన్ డిఫెన్స్ వేశాడు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ బోర్డు దిగిపోయాయి. నల్ల రాజు క్యాస్లింగ్ హక్కు పోగొట్టుకున్నాడు. రెండు నల్ల బంట్లు ఒకే నిలువు వరసలో ఒకదాని వెనక ఒకటి చిక్కాయి. పైకి అంతా నష్టమే. కానీ కాస్పరోవ్ దాడులకు ఆయువుపట్టయిన మంత్రి లేకుండా పోయింది. ప్రత్యర్థి బలం ఎక్కడుందో ముందే చదివినవాడే అలాంటి బేరం కుదుర్చుకోగలడు. 15 గేముల్లో కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేదు. కిరీటం 8.5–6.5తో చేతులు మారింది.

తొలి ఎత్తుగా రాజు వైపు గుర్రాన్ని బయటకు తీసేవాళ్ళూ ఉంటారు. ఆ ఎత్తులో ఏ బంటూ కదలలేదు. అంటే అతడు దేనికీ కట్టుబడలేదు. అప్పుడే అతడి మీద తీర్పు చెప్పకూడదు. మనమూ ఎటైనా మళ్ళగలిగే ఎత్తే వేయాలి. ఓపిక పట్టడం కూడా ఎదుటివాణ్ణి చదవడంలో భాగమే.

గుంటూరు, విజయవాడ, వరంగల్ గ్రాండ్‌మాస్టర్లను ఇచ్చాయి. వాళ్ళ బాటలో నడిచే పిల్లలకు ఎత్తు వెనకున్న కారణం తెలుగులో అందాలి. గేములకు వ్యాఖ్య రాసే మిత్రులకు నా విన్నపం: తొలి పది ఎత్తుల్లో ప్రతి దాని కిందా ఒక్క వాక్యం రాయండి. ఆ ఎత్తుతో ఆటగాడు ఏది వదులుకున్నాడో, దేనికోసం వదులుకున్నాడో చెప్పండి. ఈ రెండు ప్రశ్నలూ అలవాటైన పిల్లవాడు ఎన్నడూ చూడని ఎత్తు ముందు కూడా బెదరడు. ఈ సదస్సు పత్రాల్లో ఆ పని మొదలు కావాలని కోరుకుంటున్నాను.